బాధితుడంటే ఎవరు? ఉత్తర ఐర్లాండ్‌ను నేటికీ చీలుస్తున్న ప్రశ్న

భారతదేశానికి చివరి వైస్రాయ్‌గా వచ్చి, స్వతంత్ర భారత తొలి గవర్నర్ జనరల్‌గా కొనసాగిన లార్డ్ మౌంట్‌బాటన్ 1979 ఆగస్టు 27న హత్యకు గురయ్యారు. ఐర్లాండ్ వాయవ్య తీరంలోని ముల్లాగ్‌మోర్ అనే చిన్న రేవు నుంచి కుటుంబంతో కలిసి చేపల వేట పడవలో బయలుదేరిన కొద్దిసేపటికే, అందులో ముందుగానే అమర్చిన బాంబు పేలింది. ఆయనతో పాటు 14 ఏళ్ల మనుమడు, పడవ పనులకు కుదిరిన 15 ఏళ్ల బాలుడు ప్రాణాలు కోల్పోయారు. గాయపడిన ఒక వృద్ధురాలు మరునాడు మరణించారు. దాడి తమదేనని ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ, అంటే ఐఆర్ఏ, ప్రకటించుకుంది. అదే రోజు వారెన్‌పాయింట్ వద్ద ఆ సంస్థ జరిపిన మరో దాడిలో 18 మంది బ్రిటిష్ సైనికులు మరణించారు.

పడవ బాంబు కేసులో యావజ్జీవ శిక్ష పడిన వ్యక్తి 1998లో జైలు నుంచి బయటకు వచ్చాడు. నిర్దోషి అని తేలినందువల్ల కాదు, ఆ ఏడాది కుదిరిన శాంతి ఒప్పందంలో ఖైదీల విడుదల ఒక షరతు గనుక. 2012లో రెండో ఎలిజబెత్ రాణి బెల్‌ఫాస్ట్‌లో మాజీ ఐఆర్ఏ నాయకుడు మార్టిన్ మెక్‌గిన్నిస్‌తో కరచాలనం చేశారు. ఆమె కుమారుడు, నేటి రాజు చార్లెస్, 2015లో ముల్లాగ్‌మోర్ తీరానికి వెళ్లి వచ్చారు. ప్రపంచమంతా చూసిన ఘట్టాలివి. కెమెరాలు వెళ్లని ఇళ్లలో మాత్రం ఇంకో లెక్క తేలకుండా మిగిలింది. చనిపోయినవారి కుటుంబాలకు, కాళ్లూ కళ్లూ పోగొట్టుకున్నవారికి రాజ్యం ఏమి బాకీపడింది? ఆ బాకీ అందరికీ సమానమేనా? బాంబు పెట్టబోయి గాయపడినవాడూ, ఆ బాంబు వల్ల గాయపడినవాడూ చట్టం దృష్టిలో ఒకటేనా?

ఉత్తర ఐర్లాండ్‌లో 2006 నుంచి అమలులో ఉన్న చట్టం ప్రకారం చివరి ప్రశ్నకు సమాధానం: అవును, ఇద్దరూ బాధితులే. ఆ ఒక్క మాట చుట్టూ రెండు దశాబ్దాలుగా అక్కడి ప్రాంతీయ రాజకీయం తిరుగుతోంది.

మూడు దశాబ్దాల రక్తపాతం

1921లో ఐర్లాండ్ ద్వీపాన్ని విభజించినప్పుడు ఈశాన్యంలోని ఆరు కౌంటీలు బ్రిటన్‌లో భాగంగా మిగిలాయి. వాటిలో నాడు ప్రొటెస్టెంట్లు అధిక సంఖ్యాకులు. బ్రిటన్‌తో కలిసి ఉండాలని కోరే యూనియనిస్టులు ఎక్కువగా వారిలోనివారే. ఐక్య ఐర్లాండ్ కావాలనే జాతీయవాదులు ఎక్కువగా కేథలిక్కులు. మతం ఇక్కడ దైవచింతనకు సంబంధించిన తగవు కాదు. ఎవరు ఏ రాజ్యానికి చెందినవారో తెలిపే గుర్తు మాత్రమే. ఇళ్ల కేటాయింపులో, ఉద్యోగాల్లో, స్థానిక ఎన్నికల నియమాల్లో తమకు అన్యాయం జరుగుతోందని కేథలిక్కులు 1968 ప్రాంతంలో పౌరహక్కుల ప్రదర్శనలు ప్రారంభించారు. మరుసటి ఏడాది వీధుల్లో మంటలు లేచాయి, బ్రిటిష్ సైన్యం దిగింది.

స్థానికులు 'ట్రబుల్స్' అని పిలిచే ఆ కాలం సుమారు 30 ఏళ్లు సాగింది. 3,500 మందికి పైగా హతులయ్యారు. వారిలో సగానికి పైగా సాధారణ పౌరులే. గాయపడినవారు పదుల వేల సంఖ్యలో ఉన్నారు. ఇరవై లక్షలైనా లేని జనాభాలో ఈ సంఖ్యలకు అర్థమేమిటంటే, ఏ ఊరిలోనూ ఏ వీధిలోనూ ఈ నష్టం తెలియని కుటుంబం దాదాపు లేదు. ఒక్కొక్క మరణానికి ఒక క్రమసంఖ్య ఇచ్చి, ఎవరు, ఎక్కడ, ఎలా అన్నది నమోదు చేస్తూ కొందరు పాత్రికేయులు ఏళ్ల తరబడి శ్రమించి 'లాస్ట్ లైవ్స్' అనే బృహద్గ్రంథాన్ని 1999లో వెలువరించారు. ఏ ప్రభుత్వమూ చేయని పని అది.

ఆ లెక్కలను బట్టి చూస్తే, సుమారు 60 శాతం మరణాలకు ఐఆర్ఏ వంటి రిపబ్లికన్ సాయుధ సంస్థలు, సుమారు 30 శాతానికి లాయలిస్టులనే ప్రొటెస్టెంట్ సాయుధ ముఠాలు, 10 శాతానికి ప్రభుత్వ భద్రతా బలగాలు కారణం. యూనియనిస్టు రాజకీయ నాయకుడు మొదటి సంఖ్యను ముందుంచుతాడు. జాతీయవాది మూడవ సంఖ్యను చూపి, ప్రజలను రక్షించవలసిన రాజ్యమే కాల్పులు జరిపితే దానిని మిగతా హింసతో కలిపి లెక్కించరాదని వాదిస్తాడు. ఇద్దరూ చూపేది ఒకే పట్టిక.

ఒప్పందం దాటవేసిన ప్రశ్న

1998 ఏప్రిల్ 10న, గుడ్ ఫ్రైడే నాడు కుదిరిన ఒప్పందాన్ని ఉత్తర ఐర్లాండ్ ఓటర్లలో 71 శాతం మంది ఆమోదించారు. రెండు వర్గాలూ కలిసి పాలించే ప్రాంతీయ అసెంబ్లీ, మంత్రివర్గం బెల్‌ఫాస్ట్ శివారులోని స్టార్మాంట్‌లో ఏర్పడ్డాయి. సాయుధ సంస్థలకు చెందిన 400 మందికి పైగా ఖైదీలు రెండేళ్లలో విడుదలయ్యారు. ఒప్పందానికి ముందు జరిగిన నేరానికి ఆ తరువాత ఎప్పుడు శిక్ష పడినా, దోషి జైలులో గడపవలసింది గరిష్ఠంగా రెండేళ్లేనని చట్టం చేశారు. ఇరవై, ముప్ఫై ఏళ్ల తరువాత హంతకుడు పట్టుబడి నేరం రుజువైనా అంతే. కోర్టు మెట్లెక్కే ప్రతి కుటుంబానికీ ఆ సంగతి తెలుసు.

బాధితుల వేదనను గుర్తించాలని ఒప్పందంలో గౌరవంగానే రాశారు. అయితే సత్యాన్ని వెలికితీసే యంత్రాంగం ఏదీ అందులో లేదు. దక్షిణాఫ్రికా తరహా సత్యాన్వేషణ కమిషన్ ఊసు లేదు. అది మరపు కాదు. ఆ ప్రశ్న ఎత్తితే ఒప్పందమే కుదరదని అందరికీ తెలుసు. యుద్ధం ఎందుకు జరిగిందన్న విషయంలో ఏకాభిప్రాయం లేకుండానే యుద్ధాన్ని ఆపగలగడం ఆ ఒప్పందం గొప్పదనం. దాని మూల్యం చెల్లిస్తున్నది మాత్రం బాధితులు.

మూడు వాక్యాల చట్టం

2006లో స్టార్మాంట్ అసెంబ్లీ స్తంభించి ఉన్న సమయంలో లండన్ ప్రభుత్వమే బాధితుల గురించి ఒక ఆదేశం జారీ చేసింది. దాని ప్రకారం, సంఘర్షణకు సంబంధించిన ఘటనలో శారీరకంగా లేదా మానసికంగా గాయపడినవారు బాధితులు. అటువంటివారికి దీర్ఘకాలం సేవ చేస్తున్నవారు బాధితులు. అటువంటి ఘటనలో ఆప్తులను కోల్పోయినవారు బాధితులు. గాయం ఎలా తగిలింది, ఎవరి చేతిలో ఆయుధం ఉంది అన్న ప్రశ్నకు అందులో చోటు లేదు.

1993 అక్టోబర్‌లో బెల్‌ఫాస్ట్‌లోని షాంకిల్ రోడ్డులో ఒక చేపల దుకాణంలో ఐఆర్ఏ పెట్టబోయిన బాంబు అనుకున్న సమయానికి ముందే పేలింది. పదిమంది మరణించారు. మృతుల్లో పదవ వ్యక్తి బాంబు తెచ్చిన ఇద్దరిలో ఒకడు. రెండవవాడు తీవ్రంగా గాయపడ్డాడు. 2006 నిర్వచనాన్ని అక్షరాలా అన్వయిస్తే బిడ్డను కోల్పోయిన తల్లి బాధితురాలు, బాంబు తెచ్చి మరణించినవాడి తల్లీ బాధితురాలే, గాయపడి బతికిన ఆ రెండవవాడూ బాధితుడే. యూనియనిస్టు పార్టీలు, ముఖ్యంగా డెమొక్రటిక్ యూనియనిస్ట్ పార్టీ, అంటే డీయూపీ, దీనిని ఘోరమైన అన్యాయంగా పరిగణిస్తున్నాయి. నిరపరాధులను, నేరస్థులను ఒకే వరుసలో నిలబెట్టడం నైతికంగా చెల్లదని వాటి వాదన.

అవతలి వాదననూ తేలికగా కొట్టివేయలేము. శోకంలో అంతరాలు పెడితే, ఎవరి శోకం అసలైనదో నిర్ణయించే అధికారం ఎవరికి ఇవ్వాలని జాతీయవాదులు, పలు మానవహక్కుల సంస్థలు ప్రశ్నిస్తున్నాయి. నిర్వచనాన్ని మార్చితే, పోలీసుల లోపాయికారీ సహకారంతో లాయలిస్టు ముఠాలు చంపినవారి సంగతేమిటి? సైనికులు కాల్చి, ఆ తరువాత సాయుధులని ముద్ర వేసినవారి సంగతేమిటి? 1971 ఆగస్టులో బెల్‌ఫాస్ట్‌లోని బాలీమర్ఫీ ప్రాంతంలో మరణించిన పదిమంది పూర్తిగా నిరపరాధులని మరణ విచారణ జరిపిన న్యాయమూర్తి తేల్చింది 2021 మేలో. ఆ యాభై ఏళ్లూ 'నిరపరాధులు మాత్రమే బాధితులు' అనే నియమం ఉండి ఉంటే, ఆ కుటుంబాలు గడప బయటే నిలబడి ఉండేవి.

నిర్వచనం అలాగే ఉండిపోయింది. అది అందరికీ నచ్చినందువల్ల కాదు. స్టార్మాంట్‌లో దానిని మార్చడానికి ఇరువర్గాల సమ్మతి అవసరం గనుక. ఈ ప్రతిష్టంభన ఎంత దూరం పోయిందంటే, బాధితుల కమిషనర్‌గా ఒకరిని ఎంచుకునే విషయంలో 2008లో పార్టీలకు ఏకాభిప్రాయం కుదరక, ఒకరికి బదులు నలుగురిని నియమించారు. తరువాతి కాలంలో ఒక్కరికే పరిమితం చేశారు గానీ, 2020లో ఖాళీ అయిన ఆ పదవి 2022 దాకా భర్తీ కాలేదు.

12,000 పౌండ్లు

ఐర్లాండ్ ఆంగ్లికన్ చర్చి మాజీ అధిపతి రాబిన్ ఈమ్స్, మాజీ కేథలిక్ పూజారి డెనిస్ బ్రాడ్లీ కలిసి నేతృత్వం వహించిన సలహా బృందం 2009 జనవరిలో ఒక నివేదిక సమర్పించింది. గతాన్ని పరిశోధించేందుకు స్వతంత్ర కమిషన్ ఏర్పాటు మొదలుకొని అనేక సిఫారసులు అందులో ఉన్నాయి. వాటిలో ఒకటే అందరికీ గుర్తుండిపోయింది. సంఘర్షణలో మరణించిన ప్రతి ఒక్కరి సమీప బంధువుకూ, మృతుడు ఎవరన్న తేడా లేకుండా, గుర్తింపుగా 12,000 పౌండ్లు ఇవ్వాలన్నది ఆ సిఫారసు.

నివేదికను విడుదల చేసిన బెల్‌ఫాస్ట్ హోటల్ సభలోనే కేకలు, వాగ్వాదాలు చెలరేగాయి. భర్తను చంపినవాడి కుటుంబానికీ తనకూ ఒకే వెల కట్టారని కొందరు, చనిపోయినవారికి ధర నిర్ణయించడమేమిటని మరికొందరు నిలదీశారు. నెల తిరగకుండానే బ్రిటిష్ ప్రభుత్వం ఆ సిఫారసును పక్కనపెట్టింది. దానితో పాటు మిగిలిన నివేదిక కూడా అటకెక్కింది. ఎన్నో పేజీల ఆలోచనను ఒక్క అంకె ముంచివేసింది. అందులోని సత్యాన్వేషణ ప్రతిపాదనలు చాలావరకు కొత్త పేర్లతో 2014 స్టార్మాంట్ హౌస్ ఒప్పందంలో మళ్లీ కనిపించాయి. అవీ అమలు కాలేదు.

గాయపడినవారి పింఛను

చనిపోయినవారి గురించి వాదించుకోవడానికి సమయం ఉంటుంది. గాయపడి బతికినవారికి ఆ వెసులుబాటు లేదు. 1970లలో ఇరవై ఏళ్ల వయసులో కాళ్లు కోల్పోయినవారికి నాడు అందిన పరిహారం స్వల్పం. వారు అంతకాలం బతుకుతారని కూడా ఎవరూ అనుకోలేదు. ఉద్యోగం చేయలేకపోయినందువల్ల వారికి ఉద్యోగ పింఛనూ లేదు. వయసు పైబడి, కృత్రిమ అవయవాలు సరిపడక, సేవ చేసిన తల్లిదండ్రులు గతించి, వారు ప్రత్యేక పింఛను కోసం ఉద్యమం ప్రారంభించారు. రెండు వర్గాలవారూ, పోలీసు ఉద్యోగం చేసినవారూ, సైనికుల తూటాకు గురైనవారూ అందులో పక్కపక్కనే కూర్చున్నారు. స్టార్మాంట్‌లో అరుదుగా కనిపించే దృశ్యం అది.

వారి డిమాండు న్యాయమైనదేనని అన్ని పార్టీలూ అన్నాయి. 2014 ఒప్పందంలో హామీ కూడా ఇచ్చాయి. తరువాత మళ్లీ అదే ప్రశ్న అడ్డం వచ్చింది. తన బాంబుతో తానే గాయపడినవారికి పింఛను ఇస్తే డీయూపీ ఒప్పుకోదు. వారిని మినహాయిస్తే షిన్ ఫేన్ ఒప్పుకోదు. ఆ కోవకు చెందేవారు అతి కొద్దిమంది. వారి కోసం, లేదా వారికి వ్యతిరేకంగా, వందలాది మంది పింఛను ఆగిపోయింది. 2017 జనవరిలో మంత్రివర్గమే కూలి, మూడేళ్లపాటు స్టార్మాంట్ మూతపడింది.

చివరకు లండన్ పార్లమెంటు 2019లో చట్టం చేసింది. 2020 నిబంధనల ప్రకారం, 1966 జనవరి 1 నుంచి 2010 ఏప్రిల్ 12 మధ్య జరిగిన ఘటనల్లో, తమ తప్పు లేకుండా శాశ్వత వైకల్యానికి గురైనవారు అర్హులు. శారీరక గాయాలతో పాటు మానసిక గాయాలూ లెక్కలోకి వస్తాయి. వైకల్య తీవ్రతను బట్టి ఏటా 2,000 నుంచి 10,000 పౌండ్లు ఇవ్వాలని ఆ నిబంధనల్లో నిర్ణయించారు. తాము జరిపిన దాడిలోనే గాయపడి దానికి శిక్షపడినవారికి చెల్లించరు. తీవ్రనేరాలకు శిక్షపడిన ఇతరుల విషయంలో పరిస్థితులను చూసి నిరాకరించే అధికారం బోర్డుకు ఉంది. అంటే, 2006 నిర్వచనం చెక్కుచెదరకుండా చట్టంలో ఉండగానే, దాని పక్కన మరింత ఇరుకైన మరో నిర్వచనం వచ్చి చేరింది.

అక్కడితో కథ ముగియలేదు. పథకాన్ని ఏ శాఖ నడపాలో స్టార్మాంట్ ప్రకటించాలి. ఫస్ట్ మినిస్టర్, డిప్యూటీ ఫస్ట్ మినిస్టర్ కలిసి సంతకం చేస్తేనే అది చెల్లుతుంది. ఆ పథకం తమ వర్గం వారిని అన్యాయంగా మినహాయిస్తోందంటూ నాటి డిప్యూటీ ఫస్ట్ మినిస్టర్, షిన్ ఫేన్ నాయకురాలు మిషెల్ ఓనీల్ సమ్మతించలేదు. పథకం ప్రారంభం కావలసిన తేదీ దాటిపోయింది. గాయపడిన ఇద్దరు హైకోర్టుకు వెళ్లారు. ఇష్టం లేని చట్టాన్ని అమలు చేయకుండా ఆపివేసే హక్కు మంత్రులకు లేదని, ఈ వైఖరి చట్టవిరుద్ధమని 2020 ఆగస్టులో న్యాయస్థానం నిర్ద్వంద్వంగా చెప్పింది. వెనువెంటనే న్యాయశాఖకు బాధ్యత అప్పగించారు. ఖర్చు ఎవరు భరించాలన్న పేచీ లండన్, బెల్‌ఫాస్ట్‌ల మధ్య మరికొంతకాలం నడిచింది. 2021 ఆగస్టు 31న దరఖాస్తులు తీసుకోవడం మొదలయింది. అప్పటికే ఉద్యమంలో తొలి రోజుల నుంచి నడిచిన కొందరు లేరు.

ఒక సంతకం, ఒక రొట్టె

ప్రాంతీయ రాజకీయంలో బాధితుల మాట ఎప్పుడూ ఓడిపోతుందని చెప్పలేము. హత్య కేసులో శిక్ష అనుభవించిన మహిళను 2011లో ఒక షిన్ ఫేన్ మంత్రి ప్రత్యేక సలహాదారుగా నియమించారు. హతురాలి సోదరి బహిరంగంగా అభ్యంతరం తెలిపారు. అయిదేళ్లు లేదా అంతకు మించి శిక్షపడినవారిని ఆ పదవులకు దూరంగా ఉంచే బిల్లు అసెంబ్లీ ముందుకు వచ్చింది. స్టార్మాంట్‌లో 30 మంది సభ్యులు సంతకం చేసి అభ్యంతర పత్రం ఇస్తే, ఆ బిల్లుకు ఉభయ వర్గాల మద్దతు తప్పనిసరి అవుతుంది. ఆచరణలో అది వీటో. షిన్ ఫేన్‌కు నాడు 29 మంది సభ్యులున్నారు. కావలసింది ఒక్క సంతకం. జాతీయవాదులలో మితవాద పక్షమైన ఎస్‌డీఎల్‌పీ మొదట ఊగిసలాడి, చివరకు ఆ సంతకం ఇవ్వలేదు. 2013లో బిల్లు చట్టమయింది. ఒక సామాన్య మహిళ అభ్యర్థన వర్గరేఖను దాటించిన అరుదైన ఘట్టమది. శిక్ష అనుభవించిన వ్యక్తికి ఇంకొకసారి శిక్ష వేయడమేనని దీనిని విమర్శించినవారూ ఉన్నారు.

1976 జనవరి 5న కింగ్స్‌మిల్ వద్ద పని ముగించుకొని వ్యానులో ఇళ్లకు వెళుతున్న కార్మికులను సాయుధులు ఆపారు. వారిలో ఉన్న ఒకే ఒక్క కేథలిక్కును వెళ్లిపొమ్మని, మిగిలినవారిని కాల్చారు. పదిమంది ప్రొటెస్టెంట్లు మరణించారు. 2018లో అదే తేదీ ప్రాంతంలో ఒక షిన్ ఫేన్ ఎంపీ తలపై 'కింగ్స్‌మిల్' బ్రాండు రొట్టెను పెట్టుకొని సరదాగా తీసుకున్న వీడియో సామాజిక మాధ్యమాల్లో కనిపించింది. ఆ పేరు, ఆ రోజు యాదృచ్ఛికమేనని, ఎవరినీ బాధించాలన్న ఉద్దేశం లేదని ఆయన చెప్పారు, క్షమాపణ కోరారు. కొద్దిరోజుల్లోనే ఎంపీ పదవికి రాజీనామా చేశారు. ఆ దాడి పచ్చి మతవర్గ దాడి అని, చేసింది ఐఆర్ఏ అని కరోనర్ అధికారికంగా ప్రకటించడానికి 2024 ఏప్రిల్ రావలసివచ్చింది.

మిషెల్ ఓనీల్ 2024 ఫిబ్రవరి 3న ఉత్తర ఐర్లాండ్ ఫస్ట్ మినిస్టర్ అయ్యారు. జాతీయవాది ఆ పదవికి రావడం అదే మొదటిసారి. సంఘర్షణలో పోయిన ప్రాణాలన్నింటికీ, ఏ మినహాయింపూ లేకుండా, ఆమె తొలి ప్రసంగంలో విచారం వ్యక్తం చేశారు. నాటి కాలంలో ఐఆర్ఏ సాయుధ పోరాటానికి ప్రత్యామ్నాయం లేకపోయిందని 2022లో ఆమె అన్న మాటను కూడా బాధిత కుటుంబాలు మరచిపోలేదు. ఈ రెండు మాటలూ ఒకే నాయకురాలివి. నేటి ఉత్తర ఐర్లాండ్ రెండింటినీ కలిపి వింటోంది.

తలుపులు మూసిన చట్టం

సత్యం వెలికితీత కోసం ఒక మార్గం అంటూ లేకపోవడంతో, ఏ కుటుంబానికి ఏ తలుపు దొరికితే అది తట్టింది. డెర్రీలో 1972 జనవరి 30న పౌరహక్కుల ఊరేగింపుపై సైన్యం జరిపిన కాల్పుల్లో 13 మంది మరణించారు. ఆ ఊరిని యూనియనిస్టులు లండన్‌డెర్రీ అంటారు. వార్తలో ఊరి పేరు రాయడమే ఒక పక్షం వహించడమయ్యే చోటు అది. నాడు హడావిడిగా జరిపిన విచారణ సైనికులను దాదాపు నిర్దోషులుగా తేల్చింది. 1998లో మొదలైన సావిల్ విచారణ 12 ఏళ్లు సాగి, 20 కోట్ల పౌండ్ల దాకా ఖర్చయి, ఆ తీర్పును తిరగరాసింది. ప్రధాని డేవిడ్ కామెరాన్ 2010 జూన్‌లో పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. అయినా, 'సోల్జర్ ఎఫ్' అని మాత్రమే వ్యవహరించే మాజీ సైనికుడిపై నడిచిన హత్య కేసు 2025 అక్టోబర్‌లో నిర్దోషి అన్న తీర్పుతో ముగిసింది. క్షమాపణకు సాక్ష్యం అక్కరలేదు. శిక్షకు కావాలి. యాభై మూడేళ్ల తరువాత ఆ సాక్ష్యం నిలవలేదు.

ఇటువంటి విచారణలు కొన్ని కుటుంబాలకే దక్కాయి. పరిష్కారం కాని మరణాలు వెయ్యికి పైగా ఉన్నాయి. ఈలోగా వృద్ధ సైనికులను కోర్టులకు ఈడుస్తున్నారన్న ఆగ్రహం ఇంగ్లండ్‌లో పెరిగింది. దాని ఫలితమే 2023 సెప్టెంబర్‌లో కన్సర్వేటివ్ ప్రభుత్వం తెచ్చిన చట్టం. కొత్త సివిల్ దావాలు చెల్లవని, 2024 మే 1 నుంచి ముగియని మరణ విచారణలు ఆగిపోతాయని అది నిర్దేశించింది. ఒక కొత్త కమిషన్‌కు సమాచారం ఇచ్చి సహకరించినవారికి, వారు సైనికులైనా తీవ్రవాదులైనా, ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ లభిస్తుందని కూడా అందులో ఉండేది.

ఉత్తర ఐర్లాండ్‌లో ఇది చేసిన పని అపూర్వం. బాధితుడంటే ఎవరో ఏకాభిప్రాయం లేని పార్టీలన్నీ ఈ చట్టాన్ని ముక్తకంఠంతో తిరస్కరించాయి. యూనియనిస్టులకు అది తీవ్రవాదులకు క్షమాభిక్ష. జాతీయవాదులకు అది సైన్యానికి రక్షణ కవచం. బాధిత సంఘాలకు మాత్రం అది తమ ముఖం మీద మూసిన తలుపు. ఐర్లాండ్ ప్రభుత్వం 2024 జనవరిలో యూరప్ మానవహక్కుల న్యాయస్థానంలో బ్రిటన్‌పై దావా వేసింది. ఆ ఫిబ్రవరిలో బెల్‌ఫాస్ట్ హైకోర్టు, ఎవరికీ రక్షణ మంజూరు కాకముందే, ఆ నిబంధన జీవించే హక్కుకు విరుద్ధమని కొట్టివేసింది. సెప్టెంబర్‌లో అప్పీలు కోర్టు మరో అడుగు ముందుకు వేసి, రహస్య సమాచారాన్ని కుటుంబాలకు అందకుండా ఆపే మంత్రుల అధికారాన్ని కూడా తప్పుపట్టింది.

లేబర్ ప్రభుత్వం వచ్చాక, 2025 సెప్టెంబర్‌లో లండన్, డబ్లిన్ ప్రభుత్వాలు ఉమ్మడి ప్రణాళికను ప్రకటించాయి. కమిషన్‌ను సంస్కరించడం, మధ్యలో ఆగిన కొన్ని విచారణలను పునరుద్ధరించడం, ఐర్లాండ్ పోలీసుల్లో ప్రత్యేక విభాగం ఏర్పాటు చేయడం అందులో ముఖ్యమైనవి. తదనుగుణమైన బిల్లు అక్టోబర్‌లో పార్లమెంటులో ప్రవేశించింది. డబ్లిన్‌కు పాత్ర ఏమిటని యూనియనిస్టులు, మళ్లీ తమ వెంట పడతారా అని మాజీ సైనికులు, ఇది చాలదని కొన్ని బాధిత సంఘాలు అభ్యంతరం చెబుతున్నాయి. 2006 నిర్వచనం జోలికి మాత్రం ఎవరూ పోలేదు.

దక్షిణాసియాకు తెలిసిన కథ

ఈ చర్చ దూరదేశపుదిగా కనిపించవచ్చు. నేపాల్‌లో పదేళ్ల అంతర్యుద్ధం 2006లో ముగిసినా, సత్యాన్వేషణ కమిషన్ ఏర్పడింది 2015లో. దానికి 60,000కు పైగా ఫిర్యాదులు అందాయి. తీవ్ర నేరాలకు క్షమాభిక్ష చెల్లదని అక్కడి సుప్రీంకోర్టు చెప్పిన తరువాత, చట్టాన్ని సవరించడానికి 2024 ఆగస్టు దాకా పట్టింది. యుద్ధం నడిపినవారే ఆ మధ్యకాలంలో ప్రధానమంత్రులుగానూ పనిచేశారు. శ్రీలంకలో యుద్ధం 2009లో ముగిసింది. తప్పిపోయినవారి కార్యాలయం 2018లో పని ప్రారంభించింది. తమ బిడ్డలను సైన్యానికి అప్పగించామని చెప్పే తమిళ తల్లులు కిలినొచ్చిలో 2017 ఫిబ్రవరిలో రోడ్డు పక్కన మొదలుపెట్టిన నిరసనను ఏళ్ల తరబడి కొనసాగించారు. వారిలో పలువురు సమాధానం వినకుండానే కన్నుమూశారు.

తప్పిపోయినవారి విషయంలో ఉత్తర ఐర్లాండ్ ఒక మార్గం కనిపెట్టింది. ఐఆర్ఏ తదితర రిపబ్లికన్ సంస్థలు అపహరించి, చంపి, రహస్యంగా పాతిపెట్టినవారు 17 మంది. వారిలో పదిమంది పిల్లల తల్లి ఉంది. సమాచారం చేరవేశారన్న అనుమానంతో తమ సంస్థే చంపినవారూ ఉన్నారు. వారికోసం 1999లో రెండు ప్రభుత్వాలు కలిసి ఒక కమిషన్‌ను ఏర్పాటు చేశాయి. దానికి అందిన సమాచారాన్ని ఏ కోర్టులోనూ సాక్ష్యంగా వాడరాదు, వెలికితీసిన అవశేషాలపై నేరపరిశోధన పరీక్షలు జరపరాదు. అంటే, కుటుంబాలు న్యాయాన్ని వదులుకొని అస్థికలను కోరుకున్నాయి. మృతుడు నిరపరాధా, ఏ పక్షంవాడు అన్న ప్రశ్న అక్కడ ఎవరూ వేయలేదు.

ఇప్పటికి 13 మంది అవశేషాలు లభించాయి. నలుగురి జాడ తెలియలేదు. సరిహద్దుకు దక్షిణాన మోనఘాన్ కౌంటీలోని ఒక చిత్తడి నేలలో పలుమార్లు తవ్వి, నీళ్లు తోడి, ఉత్త చేతులతో తిరిగివచ్చారు. నేల కదులుతుంది, చెట్లు పెరుగుతాయి, చోటు చూపగలిగినవారు ముసలివారై మరణిస్తున్నారు. పేరు చెప్పకుండా సమాచారం ఇవ్వదలచినవారి కోసం కమిషన్ టెలిఫోన్ లైను, పోస్టు బాక్సు నేటికీ పనిచేస్తున్నాయి.